పద్యం దాచే పెట్టె

జపాన్‌లో 17వ శతాబ్దపు తొలినాళ్ల పెట్టె ఒకటి ఉంది. హొన్నామి కోయెత్సు పనితనమని చెబుతారు. ఇప్పుడది టోక్యో జాతీయ మ్యూజియంలో జాతీయ సంపద. సిరా రాయి, కుంచెలు పెట్టుకునేందుకు చేసిన పెట్టె అది. మూత చదునుగా ఉండదు, మధ్యలో గుట్టలా ఉబ్బి ఉంటుంది. ఒళ్లంతా బంగారు పొడి చల్లిన లక్క. ఆ బంగారు నీళ్ల మీద పక్కపక్కన పడవలు, వాటికి అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరకు వెడల్పాటి సీసపు పట్టీ. అది వంతెన. దాని మీదా చుట్టూ వెండి అక్షరాల్లో ఒక పాత పద్యం పరిచి ఉంటుంది. పద్యంలో ‘పడవల వంతెన’ అనే మాట రావలసిన చోట మాత్రం అక్షరాలు లేవు. చదివేవాళ్లు ఆ సీసపు పట్టీనే మాటగా చదువుకోవాలి.

నేను దాన్ని ఫోటోల్లోనే చూశాను. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ లక్క సామాన్లు కళ్లారా చూశాక ఈ పెట్టెల మీద ఆసక్తి పెరిగింది. జపాన్‌లో పద్యం రాసే కాగితాలకు రకరకాల కొలతలున్నాయి. షికిషి దాదాపు చదరంగా ఉండే దళసరి కాగితం. తన్‌జాకు సన్నని పట్టీ, సుమారు 36 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పు. దేని కొలతకు తగిన పెట్టె దానికి ఉంటుంది. ఒగాతా కోరిన్ 18వ శతాబ్దంలో చేసిన పెట్టెకు రెండు అరలు, పై అరలో రాత సామాను, కింది అరలో కాగితాలు. పైన, పక్కల నీటి పూలు, పలకల వంతెన. అది కూడా ఒక పాత కావ్యకథను గుర్తుచేసే బొమ్మే. పెట్టె తెరవకముందే లోపల ఏముందో కంటికి చెప్పడం వాళ్ల పద్ధతి.

తన్‌జాకును నిలువుగా పట్టుకుని పైనుంచి కిందికి రాస్తారు. దాన్ని అడ్డంగా తిప్పి చూస్తే కొలతలో ఇంచుమించు మన తాటాకే. మరి మన పద్యం ఏ పెట్టెలో ఉండేది? ఈ ప్రశ్నతో విజయనగరం, శ్రీకాకుళం బయల్దేరాను. చెక్క పని, లక్క పని, నూలు పని, వీటికి తోడు కవులూ కథకులూ, అన్నీ అంత దగ్గర దగ్గరగా ఉన్న చోటు తెలుగు నేల మీద నాకు మరొకటి తెలియదు.

మాది తెనాలి వైపు. నల్ల నేల, కాలువలు, కనుచూపు మేర చదును. తుని దాటాక ఎడమ పక్క కొండలు మొదలవుతాయి, ఒడిశా దాకా ఇక అవి మనల్ని విడిచిపెట్టవు. రథసప్తమి వెళ్లిన కొత్త. మామిళ్లు పూతతో బరువెక్కి ఉన్నాయి. కోసిన వరిచేలలో మినుము పచ్చగా ఉంది. ఎర్ర మట్టి, తాటి వరసలు, వాటి వెనక నీలం కొండ. మా వైపు చెట్టుకు మనిషి హద్దు గీస్తాడు. ఇక్కడ చెట్లే ఊళ్లకు హద్దు గీసినట్టు అనిపించింది.

దారిలో ఏటికొప్పాకలో ఆగాను. వరాహ నది ఒడ్డు ఊరు. అంకుడు కర్రను తరిణి పట్టి తిప్పుతూ, తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనిస్తారు. ఆ ఒరిపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. మీదట మొగలి ఆకుతో అదిమి తుడిస్తే నిగారింపు వస్తుంది. పసుపుకు పసుపు కొమ్ము, నారింజకు జాఫ్రా గింజ, నీలానికి నీలిమందు. 2017లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

జపాన్ లక్క వేరు, మన లక్క వేరు. అక్కడిది చెట్టు పాలు. పది పదిహేనేళ్లు పెంచిన చెట్టుకు గాట్లు పెట్టి ఒక కాలమంతా తీస్తే దక్కేది 200 గ్రాములు. పూత పూశాక ఎండలో పెడితే గట్టిపడదు, దానికి చెమ్మగాలి కావాలి. అందుకే తడి అరల్లో పెట్టి ఆరబెడతారు. పొర మీద పొర, నెలల తరబడి పని. మనది కొమ్మల మీద పురుగు పెట్టే జిగురు, దానికి కావలసింది వేడి. ఏటికొప్పాకలో ఒక భరిణె మీద రంగు ఎక్కి మెరుపు తేలడం నేను నిలబడి ఉండగానే అయిపోయింది.

పొడవాటి పెట్టె చేస్తారా అని ఒక పెద్దాయన్ని అడిగాను. ఆయన చేతిలో కుంకుమ భరిణె మూత ఉంది. మూతను భరిణెకు తగిలించి, తలకిందులు చేసి, పడలేదని చూపించి అన్నాడు.

“గుండ్రంగా తిరిగిందే మా పనమ్మా. మూలలు కావాలంటే వడ్రంగి కాడికెల్లాలి. గొట్టం చెయ్యమంటే చేస్తాను. కాయితం చుట్టి అందులో పెట్టుకోవచ్చు.”

కాగితమైతే చుట్టొచ్చు. తాటాకును చుట్టలేం, విరిగిపోతుంది. ఆ మాట అన్నాను. ఆయన ఒప్పుకుని, తాటాకైతే పలకల మధ్యే ఉండాలని, తమ చిన్నప్పుడు కరణాల ఇళ్లలో కవిలె కట్టలు అలాగే ఉండేవని చెప్పాడు.

*

విజయనగరం ఊరి మధ్య గంటస్తంభం, దానికి కాస్త దూరంలో 1713లో మొదలుపెట్టిన కోట. బురుజుల నీడన తోపుడు బళ్లు, పుస్తకాలు పట్టుకున్న కాలేజీ పిల్లలు. దారి అడిగితే వేలు చూపించి ఊరుకోరు. అడిగిన చోటి దాకా పక్కన నడిచి వచ్చి, గుమ్మం చూపించి, వెనక్కి తిరిగి వెళ్తారు. మా వైపు మర్యాద మాటల్లో ఎక్కువ, ఇక్కడ నడకలో ఎక్కువ.

స్నేహితురాలి పిన్నిగారింట్లో భోజనం. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, నువ్వుపొడి, చారు. మా ఇళ్లలో కారం ముందు పలకరిస్తుంది, ఈ కూరలో ఆవ ఘాటు కాస్త ఆగి ముక్కుకు అందింది. వడ్డిస్తూనే నా ప్రయాణం సంగతి విని ఆవిడ చేతిలో గరిటె ఆపారు.

వాళ్ల అత్తవారింట్లో తాళపత్రాలు ఉండేవట. అటక మీద ఎర్ర గుడ్డల్లో కట్టి, మధ్య మధ్య వస కొమ్ము ముక్కలు పెట్టి ఉంచేవారట. దసరాల్లో సరస్వతీ పూజనాడు కిందికి దించి, దుమ్ము దులిపి, పీట మీద పెట్టి పసుపు కుంకుమలు పెట్టేవారట. పూజ అయ్యాక మళ్లీ అటక. వాటిని చదవగలిగిన చివరి మనిషి పోయాక, గోదావరి పుష్కరాలకు వెళ్తూ ఇంటి పెద్దలు కట్టలు తీసుకెళ్లి నదిలో వదిలారట.

“పారేసినామని అనుకోలేదమ్మా. అక్షరం కదా, కాలికి తగలకూడదు, పురుగు తినకూడదు, గంగలో కలిపితే పుణ్యం అనుకున్నారు” అన్నారు పిన్నిగారు.

తెలుగు నాట చాలా ఇళ్లలో ఇదే కథ. దీన్ని అజ్ఞానం అని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. తాటాకు ఎంత బాగా చూసుకున్నా మూడు నాలుగు వందల ఏళ్లు నిలిస్తే గొప్ప. మన సముద్రపు గాలికి అంత కూడా నిలవదు. అందుకని మన పెద్దలు ఆకును కాపాడడం కంటే ఆకు మీది మాటను మరో ఆకు మీదికి ఎక్కించడం మీద నమ్మకం పెట్టుకున్నారు. గంటంతో గీసి, మసీ ఆకు పసరూ రుద్ది, అక్షరం తేలాక బట్టతో తుడిచి, కొత్త ప్రతి సిద్ధమయ్యాక పాతదాన్ని నదికి అప్పగించారు. రాసిన లేఖకుడి చేతికి విలువ లేదు, ఆయన ఎవరో చివరి ఆకు చూస్తే తప్ప తెలియదు. విలువంతా పద్యానిది. జపాన్‌లో అలా కాదు. అక్కడ పద్యం ఎంతో, దాన్ని రాసిన చేతి వాలు అంత. 13వ శతాబ్దంలో ఫుజివారా నో తేయికా ఏరిన నూరు పద్యాలు షికిషి కాగితాల మీద రాసి ఓ విడిది తలుపులకు అంటించారని చెప్పుకుంటారు. ఆయన చేతిదని నమ్మే ఒక్కో కాగితాన్ని తర్వాతి తరాలవాళ్లు కళ్లకద్దుకుని దాచుకున్నారు. ఇంచుమించు అదే కాలంలో నెల్లూరులో తిక్కన భారతం చెప్పాడు. ఆ మొదటి ప్రతి ఆకుల్లో ఒక్కటి కూడా మనకు లేదు, భారతం మాత్రం మొత్తం ఉంది. వాళ్లు కాగితానికి పెట్టె చేశారు. మనం పద్యానికి మనుషుల్ని పెట్టెలుగా చేసుకున్నాం.

అలాంటి మనుషుల్లో ఒకరు ఈ ఊళ్లోనే ఉండేవారు. ఆదిభట్ల నారాయణదాసు 1864లో అజ్జాడలో పుట్టారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రధానాచార్యులు ఆయనే. వయొలిన్ చెప్పడానికి ద్వారం వెంకటస్వామి నాయుడు వచ్చారు. కళాశాల వరండాలో నిలబడితే లోపలి గదుల నుంచి సరళీస్వరాలు వినిపించాయి. పిల్లలు ఒకరు తప్పితే ఇంకొకరు అందుకుంటున్నారు. దాసుగారు ఉమర్ ఖయ్యామ్ రుబాయీలను పారసీ నుంచీ ఇంగ్లీషు నుంచీ సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి తెచ్చిన పండితుడు. కాళ్లకు గజ్జెలు కట్టి హరికథ చెబితే పద్యం, పాట, ఆట మొత్తం ఆయన ఒంట్లోంచే వచ్చేవి. ఆయన 1945 జనవరిలో పోయారు. పుస్తకాలు మిగిలాయి. ఆ కథాగానం మనకు అందలేదు. మనిషిని పెట్టెగా నమ్ముకున్నందుకు కట్టే మూల్యం అది.

గురజాడ ఇంటికి వెళ్లేసరికి ఈ ఆలోచన ఇంకా తేరలేదు. ఇల్లు ఇప్పుడు స్మారకం. ఫోటోలు, పుస్తకాలు. వెళ్లినప్పుడు నేనొక్కదాన్నే. ఆయన నాటకం కన్యాశుల్కాన్ని ఈ ఊళ్లోనే 1892లో తొలిసారి ఆడారు. 1897లో అచ్చయింది, ఇక్కడి మహారాజు ఆనంద గజపతికి అంకితం. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. ఆ పన్నెండేళ్లలో ఆయన ఎన్ని కాగితాలు రాసి కొట్టేసి ఉంటారు! తాళపత్ర యుగపు కవికి కొట్టివేత లేదు. గీత పడిందంటే పడిందే. గురజాడతో మనకు చిత్తుప్రతి వచ్చింది, డైరీ వచ్చింది, ఉత్తరం వచ్చింది. అంటే కాగితానికి, రాసిన చేతికి విలువ వచ్చింది. సరిగ్గా అప్పుడే మనకు పెట్టె కావలసి వచ్చింది, అది మన దగ్గర లేకపోయింది. ఆయన డైరీలు కొన్ని సంవత్సరాలవే మిగిలాయి. బిల్హణీయం, కొండుభట్టీయం పూర్తికాలేదు. 1915లో 53 ఏళ్లకే ఆయన పోయాక ఆ కాగితాలు చేతులు మారుతూ వచ్చాయి. 1950లలో అవసరాల సూర్యారావు సంపాదకత్వంలో విశాలాంధ్ర వాళ్లు అచ్చు వేయకపోతే ఇంకెన్ని పోయేవో.

*

బొబ్బిలి దారిలో కొండలు ఇంకా దగ్గరకొచ్చాయి. చింతచెట్ల కింద పళ్లు రాలగొడుతున్నారు. ఒక బడ్డీ దగ్గర ఆగితే ఒక ముసలమ్మ సత్తు గ్లాసులో చోడి అంబలి పోసి, పక్కన ఉల్లిపాయ పెట్టింది. “ఏటి తల్లీ, ఏ ఊరు మీది? ఎండన పడొచ్చినారు, కూకోండి” అంది. డబ్బుల సంగతి నేను లేచేదాకా ఎత్తలేదు.

గొల్లపల్లి బొబ్బిలికి ఆనుకునే ఉంది. 1757 జనవరి 24న జరిగిన యుద్ధం పేరుతో బొబ్బిలిని లోకం గుర్తుపెట్టుకుంది. నా మటుకు నాకు ఈ ఊరు పనస చెక్క వాసనతోనే గుర్తుంటుంది. సర్వసిద్ధి ఇంటిపేరున్న కుటుంబాలు తరాలుగా ఇక్కడ వీణలు చేస్తున్నాయి. పనస మాను తొలిచి కుండ, దండి, చివరన యాళి ముఖం చెక్కుతారు. కుండ, దండి ఒకే మానులోంచి వస్తే అది ఏకాండి వీణ. తొలవడంలో ఉలి ఒక్కసారి లోతు తప్పినా మాను మొత్తం వృథా. దండి మీద మైనంలో 24 మెట్లు నిలబెడతారు. ఒకప్పుడు అలంకారానికి ఏనుగు దంతం వాడేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ వచ్చింది. మెట్ల పని చేస్తున్న కుర్రాడు ఒక్కో మెట్టు పెట్టి తీగ మీటి, తల వంచి విని, వెంట్రుకవాసి జరిపి మళ్లీ మీటుతున్నాడు. అక్కడ చాలాసేపు కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. మధ్యలో ఒకావిడ మజ్జిగ తెచ్చి పెట్టింది.

అలంకారం మీద మనకు మనసు లేదనడం తప్పని ఇక్కడ అర్థమైంది. వీణ ఒంటి నిండా లతలు, పూలు, నెమళ్లు. యాళి కోరల్లో కూడా పని ఉంది. పాడే వస్తువుకు మనం చేయవలసిన నగిషీ అంతా చేశాం. మౌనంగా పడుకునే తాటాకుకు మాత్రం రెండు బోసి పలకలు, ఒక తాడు, ఒక గుడ్డ. సరిహద్దు దాటితే ఒడిశాలో తాళపత్రాల పలకల మీద రంగుల బొమ్మలు వేసే అలవాటు ఉంది. అంత పక్కనే ఉండి కూడా అది మనకు అంతగా అంటలేదు. మనకు పద్యం గొంతులో ఉన్నప్పుడే పద్యం. గొంతు దిగి ఆకుమీద పడుకున్నాక దానికి కప్పడమే తప్ప సింగారం లేదు.

యాళి చెక్కుతున్న పెద్దాయనకు జపాన్ పెట్టె ఫోటో ఫోన్‌లో చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి, బొమ్మ పెద్దది చేసి, మూత ఉబ్బును చూశాడు.

“ఇది తొలిసినది కాదమ్మా, పలకల పని. పైన మందంగా పూత పడింది” అన్నాడు. కాసేపాగి, “ఎందుకు?” అన్నాడు.

“తాటాకులు దాచడానికి.”

“అయితే పనస వద్దు. పనస కర్రకి గొంతుంటాది, దాన్ని పెట్టెకి వాడితే పాపం. వేప సాలు. పురుగు ముట్టదు. మూతకి మాత్రం పనస పెట్టుకోండి, చెక్కడానికి లొంగుతాది.”

మూత మీద ఏం చెక్కాలన్న మాట వచ్చింది. గురజాడ ముత్యాల సరాలు 1910 నాటివి. తెలుగు పద్యం నడక మార్చిన ఛందస్సు అది. కాబట్టి ఒక ముత్యాల దండ చాలు, పేరు రాయనక్కర్లేదు, తెలిసినవాళ్లు దండనే చదువుకుంటారు అన్నాను. ఆయన పక్కనున్న చెక్క ముక్క మీద పెన్సిల్‌తో దండ గీశాడు. సరం మధ్యలో ఒక్కచోట ముత్యం వదిలేసి దారం మాత్రం గీశాడు. అదేమిటని అడిగితే, అన్నీ నింపేస్తే చెక్కినట్టుండదు, అచ్చు గుద్దినట్టుంటుంది అన్నాడు. తరతరాల పని ఉన్న చేతికి కోయెత్సు గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు.

*

శ్రీకాకుళం వెళ్తూ పొందూరులో దిగాను. పెట్టెకు చెక్క దొరికింది, లక్క దొరికింది, లోపల చుట్టే గుడ్డ మిగిలింది. ఇక్కడి ఖద్దరును గాంధీ మెచ్చుకున్నారు. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ చిన్న పళ్ల వరస పత్తిలోని నలకను పట్టి, పోగును తెంపకుండా వదులుతుంది. ఆ పని చేస్తున్న ఆవిడ చేతిలోని ఎముక వాడి వాడి పచ్చబడి ఉంది. దువ్విన పత్తిని ఏకు చేసి రాట్నం మీద నూరు కౌంటు దాటిన నూలు తీస్తారు. పంచె మడత చేతిలో పెడితే బరువు తెలియలేదు.

తాళపత్రాలకు సింథటిక్ గుడ్డ చుట్టకూడదు, లోపల చెమ్మ నిలుస్తుంది. గాలి ఆడే నూలు గుడ్డ కావాలి. పాత ఎర్ర గుడ్డలు మంచివే కానీ కొన్ని రంగు దిగి ఆకును పాడు చేస్తాయి. రంగు వేయని ఖద్దరు అన్నిటికంటే క్షేమం. ఈ మాట రాట్నం ముందు కూర్చున్న వాళ్లకు చెబితే “పుస్తకానికి పంచె కడతారేటి!” అని ఒకావిడ గట్టిగా నవ్వింది. మిగతావాళ్లూ నవ్వారు. తర్వాత ఆవిడే లోపలికెళ్లి, అంచు లేని తెల్ల ముక్క తెచ్చి, “ఇది సరిపోద్దా?” అని పొడవు చూపించింది. డబ్బు తీసుకోమని నేను చాలా బతిమాలాల్సి వచ్చింది.

శ్రీకాకుళంలో విశాఖ ఎ కాలనీ మామూలు వీధి. కథానిలయం అక్కడ ఉంది. కాళీపట్నం రామారావు గారిని అందరూ కారా మాస్టారు అంటారు. 1924లో ఈ జిల్లా మురపాకలో పుట్టి, బడి పంతులుగా జీవితం గడిపి, ‘యజ్ఞం’ రాసిన మనిషి. 1995లో వచ్చిన సాహిత్య అకాడమీ పురస్కారపు డబ్బును మూలధనంగా పెట్టి, తన పుస్తకాలు ఇచ్చి, 1997 ఫిబ్రవరి 22న కథానిలయాన్ని తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట దొరకాలన్నది ఆయన కోరిక. తొలి తెలుగు కథగా చెప్పుకునే గురజాడ ‘దిద్దుబాటు’ 1910 నాటిది. అంతకు ముందే 1902లో భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ రాశారని తర్వాతివాళ్లు వెతికి చూపించారు. ఇలాంటి సంగతులు తేలాలంటే పాత పత్రికల సంచికలు కళ్లముందుండాలి. ఒక్క సంచిక పోతే అందులో మాత్రమే అచ్చయిన కథ పోయినట్టే. కథా సంపుటిలోకి చేరని కథలు వేలల్లో ఉన్నాయి మరి.

లోపల నగిషీ ఏమీ లేదు. అరలు, బైండు చేసిన పత్రికలు, కథల పుస్తకాలు, గోడల మీద కథకుల ఫోటోలు. పాత కాగితం వాసన. ఒక పాత వారపత్రిక బైండు తెరిస్తే అంచులు గోధుమ రంగుకు తిరిగి, మడత దగ్గర పెళుసుగా ఉన్నాయి. వార్తాపత్రిక కాగితంలో ఉండే ఆమ్లమే దాన్ని లోపల్నుంచి తినేస్తుంది. పురుగుకు వేప, వస పెట్టొచ్చు. ఈ జబ్బుకు అవి పనిచేయవు. అందుకే ఇక్కడి పుస్తకాలను, పత్రికలను స్కాన్ చేసి అందరికీ అందేలా ఇంటర్నెట్‌లో పెడుతూ వచ్చారు. తాటాకు మీది మాటను కొత్త ఆకు మీదికి ఎక్కించిన పాత లేఖకుల పనే ఇది.

మాస్టారు 2021 జూన్ 4న పోయారు. ఆయన్ని కలిసే అదృష్టం నాకు లేకపోయింది. ఊరూరూ తిరిగి, ఇళ్లలో అటకల మీద, గ్రంథాలయాల మూలల్లో పడి ఉన్న సంచికలను అడిగి తెచ్చుకుని, ఏ కథ ఎక్కడ ఎప్పుడు వచ్చిందో వివరాలు రాయించారు. తన కథల కంటే ఇతరుల కథల కోసం ఎక్కువ ఏళ్లు ఖర్చుపెట్టిన రచయితలు ఎందరుంటారు? 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ జిల్లా మీద పడి ఉద్దానం కొబ్బరిని, జీడిమామిడిని పెళ్లగించింది. సముద్రం ఇంత దగ్గరగా ఉన్న చోట కాగితాలకు ఇల్లు కట్టడం సాహసమే. కానీ ఆయన పుట్టిన నేల ఇదే కాబట్టి ఇక్కడే కట్టారు. తెలుగు కథ చదివే ప్రతి ఒక్కరూ బతికుండగా ఒక్కసారైనా ఈ మెట్లెక్కాలని నా కోరిక.

మర్నాడు శ్రీకూర్మం వెళ్లాను. కూర్మావతారానికి గుడి, ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్లు, మండపం గోడల మీద రంగు వెలసిన చిత్రాలు. స్తంభాల నిండా శాసనాలు. 1281 నాటి నరహరి తీర్థుల శాసనం ఇక్కడ సంస్కృత శ్లోకాల్లో ఉంది. ఆయన గంగరాజుల కొలువులో పెద్ద పదవి చేసిన సన్యాసి. తాటాకు మీద ఉంటే ఈపాటికి ఎన్నోసార్లు ప్రతి రాయాల్సి వచ్చేది. రాతి మీద ఉంది కాబట్టి ఆయన కాలంలో చెక్కిన అక్షరాన్నే నేను వేలితో తడమగలిగాను. తిరుమలలో అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకులకెక్కి, రాతి అరలో ఉండి, 1922లో వెలుగు చూశాయి. దాచాలన్న తపన మనకు ఎప్పుడూ తక్కువ కాదు. గుడికి, రాజుకు, దేవుడికి సంబంధించిన మాటను రాయి, రాగి కాపాడాయి. ఇంటి అటక మీది పద్యానికి, పత్రికలో వచ్చిన కథకు మాత్రం అంత బందోబస్తు దొరకలేదు. ఆ పద్యాలనూ కథలనూ ఎవరో ఒక మేనత్త, ఎవరో ఒక బడిపంతులు చూసుకోవాల్సి వచ్చింది.

తిరుగు దారిలో మళ్లీ విజయనగరం, పిన్నిగారిల్లు. నేను వెళ్లినప్పటి నుంచీ ఆవిడకు మనసులో ఏదో పీకుతూనే ఉందట. అటక ఎక్కించి వెతికించారు. పుష్కరాలకు వెళ్లకుండా మిగిలిన చిన్న కట్ట ఒకటి ఇత్తడి గంగాళం వెనక దొరికింది. ఒక పలక పోయింది, తాడు చివికింది. పైఆకులు చెదలు తిన్నాయి, లోపలివి బాగానే ఉన్నాయి. కిటికీ దగ్గర వెలుతురుకు వాలుగా పట్టుకుని, విరామం లేకుండా సాగే ఆ గొలుసు అక్షరాలను కూడబలుక్కుంటూ చదివాను. పోతన భాగవతం, అష్టమ స్కంధం, గజేంద్రుడి కథ కొంత. పిన్నిగారు పక్కనే నిలబడి నేను తడబడిన చోటల్లా పద్యం ముందే అందించారు. చదవడం రాదు ఆవిడకు ఆ లిపి. పద్యాలు నోటికి వచ్చు.

గొల్లపల్లి పెద్దాయనకు ఫోన్ చేసి బయానా పంపించాం. ఆకు పొడవు, వెడల్పు, కట్ట ఎత్తు కొలిచి, చుట్టూ వేలెడు ఖాళీ కలిపి చెప్పాను. లోపల పరచడానికి పొందూరు ముక్క ఉంది. మూతకు పట్టుకునే బొడిపె ఏటికొప్పాకలో తిప్పిస్తానని పిన్నిగారి అబ్బాయి ఒప్పుకున్నాడు. మూత మీద ఏనుగు వద్దు, మొసలి వద్దు, మడుగులో ఒక తామర చాలన్నారు పిన్నిగారు. వేప పచ్చిగా ఉందని, వానలు వెళ్లి చెక్క ఆరాకే పలకలు తీస్తానని గొల్లపల్లి పెద్దాయన అన్నాడు. అంతదాకా కట్టను అటకెక్కించకుండా దేవుడి గదిలో పీట మీదే ఉంచమని చెప్పి రైలెక్కాను.